మానై వంగిన కొయ్య

"మొక్కై వంగనిది మానై వంగునా" అని మన పెద్దలు అంటూ ఉంటారు. చదువు మాని ఆటల్లో పడిన పిల్లవాణ్ణి చూసి ఈ సామెత చెప్పని ఇల్లు ఉండదు. మీరూ ఏదో ఒకనాడు వినే ఉంటారు. అన్నది మనుషుల గురించే అయినా, ఈ మాట మొదట ఏ వడ్రంగి నోటనో వచ్చి ఉంటుందనిపిస్తుంది. ఎందుకంటే లేత కొమ్మను ఎటు వంచితే అటు వంగుతుంది. ఎండిన కర్రను వంచబోతే ఫెళ్ళున విరుగుతుంది. ఇది వడ్రంగులందరికీ తెలిసిన సంగతే.

కాని, పిల్లలూ, మాను మానై, ఆ మానును నరికి, కోసి, ఆరబెట్టిన తరువాత కూడా కొయ్యను గాజులాగా గుండ్రంగా వంచవచ్చునని చూపించిన వడ్రంగి ఒకాయన ఉన్నాడు. ఆయన పేరు మైకేల్ టోనెట్. పుట్టింది జర్మన్ దేశంలో. బతుకు తెరువు వెతుక్కుంటూ చేరింది ఆస్ట్రియాలో. అక్కడ ఆయనా, ఆయన ఐదుగురు కొడుకులూ కలిసి కుర్చీల దుకాణం పెట్టారు. ఆ దుకాణం కథే ఈ నెల మనం చెప్పుకోబోయే కథ.

ముందు వాళ్ళ కుర్చీ ఎలా ఉంటుందో చెబుతాను. బహుశా మీలో కొందరు చూసే ఉంటారు. కూర్చునే చోటు గుండ్రంగా ఉంటుంది. వెనుక రెండు కాళ్ళూ, వీపు ఆనించుకునే వంపూ వేరువేరు ముక్కలు కావు. ఒకే పొడుగాటి కొయ్య నేల మీద బయలుదేరి, పైకి పోయి, నెమ్మదిగా వంపు తిరిగి, మళ్ళీ నేలకు దిగుతుంది. దాని లోపల మరొక చిన్న వంపు ఉంటుంది. నగిషీ చెక్కడం ఎక్కడా కనిపించదు. ముంబయిలోని పాత ఇరానీ హోటళ్ళలో ఈ రకం కుర్చీల మీదే తరతరాలవాళ్ళు కూర్చుని టీ తాగారు. చూడటానికి చాలా మామూలు కుర్చీ. కాని ఇంత మామూలుగా చేయటానికి టోనెట్‌కు సుమారు ముప్ఫై ఏళ్ళు పట్టింది.

మైకేల్ టోనెట్ 1796లో రైన్ నది ఒడ్డున ఉన్న బొప్పార్డ్ అనే చిన్న ఊళ్ళో పుట్టాడు. వడ్రంగం నేర్చుకుని, 1819లో ఆ ఊళ్ళోనే సొంతంగా పని మొదలుపెట్టాడు. మంచి పనివాడని పేరు వచ్చింది. బల్లలూ, మంచాలూ, బీరువాలూ చేసి అమ్ముకుంటూ హాయిగా బతికిపోవచ్చును. కాని ఆయన బుర్రను ఒక ప్రశ్న తొలుస్తూ ఉండేది.

ఆ రోజుల్లో కుర్చీకి వంపు తిరిగిన కాలు కావాలంటే వడ్రంగి ఏం చేసేవాడో తెలుసా? ఒక వెడల్పాటి పలక తీసుకుని దాని మీద వంపు గీసుకునేవాడు. ఆ గీత వెంబడి రంపంతో కోసేవాడు. చుట్టూ మిగిలిన కొయ్యంతా వృథా. అంతకంటె పెద్ద చిక్కు ఇంకొకటి ఉన్నది. కొయ్యలో నార పొడుగునా తిన్నగా పోతుంది. వంపుగా కోసినప్పుడు ఆ నార అక్కడక్కడ అడ్డంగా తెగిపోతుంది. తెగిన చోట బలం ఉండదు. అందుకని కాలు విరగకుండా లావుగా చేసేవారు. కుర్చీ బరువెక్కేది, ధర కూడా పెరిగేది.

కొయ్యను కోయకుండా వంచగలిగితే? నార తెగదు. కొయ్య వృథా కాదు. కాలు సన్నగా ఉన్నా బలంగా ఉంటుంది. టోనెట్‌ను పట్టుకున్న ఆలోచన ఇదే.

1830 ప్రాంతంలో ఆయన మొదటి ఉపాయం కనిపెట్టాడు. లావుపాటి కర్ర వంగదు గాని, రేకులాగా పలుచగా కోసిన చెక్క సులువుగా వంగుతుంది. అలాంటి రేకులు కొన్ని తీసుకుని కట్టగా కట్టాడు. పశువుల ఎముకలూ తోలూ ఉడికించి తీసే జిగురులో ఆ కట్టను మరగబెట్టాడు. వేడి మీదనే అచ్చులో పెట్టి వంచి, ఆరనిచ్చాడు. జిగురు ఎండేసరికి రేకులన్నీ ఒకటై, వంపు తిరిగిన గట్టి కొయ్య తయారైంది. ఈ పద్ధతిలో చేసిన కుర్చీలు తేలికగా, అందంగా ఉండేవి. జిగురు తన చేతిలోనే ఉండాలని ఆయన జిగురు తయారుచేసే మిల్లును కూడా కొన్నాడు.

అయితే మంచి ఉపాయం ఒకటి కనిపెడితే పదిమంది దాన్ని కాజేస్తారు. అందుకని టోనెట్ పేటెంటు కోసం ప్రయత్నించాడు. పేటెంటు అంటే, కొత్తది కనిపెట్టినవాడు తప్ప మరొకరు కొంతకాలం దాన్ని వాడుకోకూడదని ప్రభుత్వం ఇచ్చే హక్కు. బొప్పార్డ్ అప్పుడు ప్రష్యా రాజ్యంలో ఉండేది. అక్కడ ఆయనకు పేటెంటు ఇవ్వలేదు. దాంతో అప్పు తెచ్చి ఫ్రాన్సు, ఇంగ్లండు, బెల్జియం దేశాలలో పేటెంట్ల కోసం ఖర్చు పెట్టాడు. ఖర్చు పెరుగుతూ పోయింది గాని రాబడి రాలేదు. అప్పులవాళ్ళు ఇంటి చుట్టూ తిరగసాగారు.

ఇలా ఉండగా 1841లో దగ్గరలోని కోబ్లెంజ్ నగరంలో ఒక ప్రదర్శన జరిగింది. టోనెట్ తన కుర్చీలు అక్కడ పెట్టాడు. వాటిని చూసినవాళ్ళలో మెటర్నిక్ అనే ఆయన ఒకరు. ఆయన సామాన్యుడు కాదు. ఆస్ట్రియా సామ్రాజ్యాన్ని నడిపిస్తున్న ప్రధాని. పుట్టింది మాత్రం ఆ కోబ్లెంజ్‌లోనే. ఆయన టోనెట్‌ను తన కోటకు పిలిపించి, సామాన్లన్నీ తిప్పితిప్పి చూశాడు. బొప్పార్డ్‌లో ఉన్నంతకాలం నీవు పేదవాడివిగానే ఉండిపోతావు, వియన్నాకు రమ్మని సలహా చెప్పాడట.

1842లో టోనెట్ వియన్నా చేరుకున్నాడు. ఆ ఏడు జూలైలో, ఎంత పెళుసు కొయ్యనైనా కోరినట్టు వంచే తన పద్ధతికి ఆస్ట్రియా చక్రవర్తి ప్రభుత్వం నుంచి హక్కు కూడా సంపాదించాడు. చాలాకాలంగా కోరుకున్నది దొరికింది. కాని అదే సమయంలో అక్కడ బొప్పార్డ్‌లో అప్పులవాళ్ళు ఆయన ఆస్తినంతా జప్తు చేయించారు. ఎన్నో ఏళ్ళు కష్టపడి నిలబెట్టుకున్నదంతా పోయింది.

ఇక తిరిగి వెళ్ళటానికి ఏమీ మిగలలేదు. భార్యా, కొడుకులూ బొప్పార్డ్ విడిచి వియన్నాకు వచ్చేశారు. పెద్దవాడు ఫ్రాంజ్ అప్పటికే ఇరవై దాటిన యువకుడు. అతని తరువాత మైకేల్, ఆగస్ట్, జోసెఫ్. చివరివాడు జాకబ్ ఇంకా చంటిపిల్లవాడు. అప్పటికి తండ్రికి 46 ఏళ్ళు. కొత్త దేశం, కొత్త నగరం. చేతిలో విద్య ఉన్నది గాని, దాన్ని మొదలుపెట్టటానికి సొంత కొట్టు లేదు.

సొంత కొట్టు ఉండి, కింద పనివాళ్ళను పెట్టుకున్నవాడు మరొకరి దగ్గర పనికి చేరటం తేలిక కాదు. టోనెట్ చేరాడు. వియన్నాలో లీస్ట్‌లర్ అనే పెద్ద వడ్రంగి కంపెనీ ఉండేది. లీఖ్టెన్‌స్టైన్ రాకుమారుని మహలులో ఆ కంపెనీ పని చేస్తున్నది. అక్కడ తండ్రీ కొడుకులు కలిసి వంపుకొయ్యతో నేలకు అలంకారాలు పరిచారు. బంగారు పూత పూసిన సన్నని కుర్చీలు చేశారు. రాజులకు చేసిన పనే అయినా ఇల్లు గడవటం కోసం చేసిన కూలిపని అది. అయినా ఆ కొన్నేళ్ళూ వృథా పోలేదు. కొడుకులు తండ్రి చేతికిందనే పని నేర్చుకున్నారు.

1848లో వియన్నాలో తిరుగుబాటు చెలరేగింది. మెటర్నిక్ పదవి వదిలి ఇంగ్లండుకు పారిపోయాడు. టోనెట్‌ను రప్పించిన పెద్దమనిషే లేకుండా పోయాడన్నమాట. మరొకరైతే బెంబేలు పడిపోయేవారు. టోనెట్ మాత్రం మరుసటి ఏడు, 1849లో, కొడుకులతో కలిసి వియన్నాలోని గుంపెన్‌డార్ఫ్ పేటలో సొంత కొట్టు పెట్టాడు. అప్పటికి ఆయనకు 53 ఏళ్ళు.

ఆ కొట్టుకు మొదట్లో వచ్చిన పెద్ద గిరాకీ ఒక కాఫీ హోటలు నుంచి. వియన్నావాళ్ళకు కాఫీ హోటలు అంటే ప్రాణం. ఒక కప్పు కాఫీ ముందు పెట్టుకుని గంటలకొద్దీ పత్రికలు చదువుతారు, చదరంగం ఆడతారు. డౌమ్ అనే హోటలువారు తమకు కుర్చీలు కావాలన్నారు. హోటలు కుర్చీ తేలికగా ఉండాలి, ఎందుకంటే రోజంతా అటూ ఇటూ జరుపుతూనే ఉంటారు. గట్టిగా ఉండాలి, ఎందుకంటే ఎవరు ఎలా కూర్చుంటారో చెప్పలేము. టోనెట్ కుర్చీకి ఈ రెండు గుణాలూ ఉన్నాయి. తరువాత బుడాపెస్టులోని ఒక హోటలు ఏకంగా 400 కుర్చీలు చేయించుకున్నది.

1851లో లండనులో గొప్ప అంతర్జాతీయ ప్రదర్శన జరిగింది. గాజుతో కట్టిన బ్రహ్మాండమైన మహలులో దేశదేశాల వస్తువులు పెట్టారు. టోనెట్ సామాన్లకు అక్కడ కంచు పతకం వచ్చింది. 1852లో వియన్నా నగరం నడిబొడ్డున అమ్మకాల దుకాణం తెరిచారు. 1853లో టోనెట్ వ్యాపారాన్ని ఐదుగురు కొడుకుల పేర రాసేశాడు. అప్పటినుంచి దుకాణం పేరు "టోనెట్ సోదరులు". చంటిబిడ్డగా వియన్నాకు వచ్చిన జాకబ్‌కు అప్పటికి పన్నెండేళ్ళు. అంటే మీ వయసువాడే! పేర్లు కొడుకులవే అయినా తండ్రి పని మానలేదు. ఉలి చేత పట్టుకునే ఉన్నాడు.

కథ ఇక్కడితో సుఖాంతం అవుతుందనుకుంటున్నారా? అసలు చిక్కు ఇప్పుడే వచ్చింది.

కుర్చీలకు పేరు వచ్చేసరికి దూరదేశాల నుంచి గిరాకీ మొదలైంది. ఓడల మీద, వేడిగానూ తేమగానూ ఉండే దేశాలకు సరుకు పోయేది. జిగురుకు తేమ పడదు. మీ పుస్తకం అట్ట వానలో తడిస్తే ఏమవుతుందో మీకు తెలుసు కదా! అలాగే కుర్చీలలోని రేకులు పొరలు పొరలుగా విడిపోసాగాయి. ఏ జిగురు మీద ఆధారపడి పాతికేళ్ళు పనిచేశాడో, ఆ జిగురే మోసం చేసింది.

జిగురు పనికిరాదంటే రేకులు పనికిరావు. రేకులు లేవంటే ఒకే ముక్క కొయ్యను వంచాలి. అంటే మొట్టమొదటి ప్రశ్న దగ్గరికే మళ్ళీ వచ్చాడన్నమాట. లావుపాటి కొయ్య విరగకుండా ఎలా వంగుతుంది?

ఇక్కడ ఒక చిన్న ప్రయోగం చేద్దాం. చెరిపే రబ్బరు ఒకటి తీసుకోండి. దాని పక్కవైపున కలంతో నిలువుగా, సమాన దూరాలలో నాలుగైదు గీతలు గీయండి. ఇప్పుడు రబ్బరును వంచండి. వంపు బయటివైపున గీతలు ఒకదానికొకటి దూరం జరుగుతాయి. లోపలివైపున దగ్గరికి వస్తాయి. అంటే వంచినప్పుడు బయటివైపు సాగుతుంది, లోపలివైపు నొక్కుకుంటుంది.

కొయ్యలో కూడా ఇంతే జరుగుతుంది. కొయ్య అంతా సన్నని నార. ఆ నారను పట్టి ఉంచేది లిగ్నిన్ అనే పదార్థం. ఎండు కొయ్యలో లిగ్నిన్ గట్టిగా ఉంటుంది. అందుకే ఎండు కర్ర వంగదు. కొయ్యకు బాగా ఆవిరి పట్టిస్తే వేడికీ తడికీ లిగ్నిన్ మెత్తబడుతుంది. చల్లారి ఆరిన తరువాత మళ్ళీ గట్టిపడుతుంది. ఓడలు కట్టేవాళ్ళకు, బండిచక్రాలు చేసేవాళ్ళకు ఈ సంగతి టోనెట్ కంటె చాలాముందే తెలుసు. మరి ఇందులో కొత్త ఏమున్నది?

కొత్త ఏమిటంటే, ఆవిరి పట్టిన కొయ్యకు ఒక విచిత్రమైన స్వభావం ఉన్నది. దాన్ని నొక్కితే బాగా నొక్కుకుంటుంది. నూరు అంగుళాల కొయ్యలో పాతిక అంగుళాలదాకా కూడా కుదించి తగ్గించవచ్చును. కాని లాగితే సాగదు. నూరు అంగుళాలకు ఒకటి రెండు అంగుళాలు సాగేసరికి నార పుటుక్కున తెగుతుంది. కాబట్టి వంచేటప్పుడు విరుగుడు ఎప్పుడూ బయటివైపునే మొదలవుతుంది. లోపలివైపుకు ఏ బాధా లేదు.

టోనెట్ చేసిందేమిటో చూడండి. కొయ్య బయటివైపు పొడుగునా ఒక ఇనుపపట్టీని ఆనించి, రెండు చివరలా గట్టిగా బిగించాడు. బండిచక్రానికి వేసే ఇనుప కట్టు లాంటిదన్నమాట. ఇనుము సాగదు. దానికి బిగించి ఉన్న కొయ్య కూడా సాగలేదు. ఇక వంచినప్పుడు కొయ్య అంతా లోపలికి నొక్కుకోవలసిందే. నొక్కుకోవటం దానికి వచ్చిన విద్యే కదా! కొయ్య విరగకుండా వంగింది. కొయ్యకు చేతకాని పని ఇనుము మీద పెట్టి, చేతనైన పని కొయ్యకు వదిలాడు. ఉపాయమంతా ఇంతే.

1856లో ఈ పద్ధతికి టోనెట్ సోదరులకు 13 ఏళ్ళపాటు హక్కు దొరికింది. వెంటనే వాళ్ళు మొరావియా కొండప్రాంతంలో కొరిచాన్ అనే ఊళ్ళో కర్మాగారం కట్టారు. ఆ ప్రాంతం ఈనాడు చెక్ దేశంలో ఉన్నది. అక్కడే ఎందుకంటే, చుట్టూ బీచ్ అనే చెట్ల అడవులు ఉన్నాయి. బీచ్ కొయ్య చవక, గట్టిది, ఆవిరికి బాగా లొంగుతుంది. కావలసిన యంత్రాలను తండ్రీ కొడుకులే ఆలోచించి చేయించుకున్నారు.

ఆ కర్మాగారంలో పని ఇలా జరిగేది. బీచ్ దుంగలను ముందు చదరపు బద్దలుగా కోస్తారు. బద్దను గిరగిర తిప్పుతూ చెక్కి గుండ్రని కడ్డీగా చేస్తారు. దాన్ని ఆవిరిపెట్టెలో పెడతారు. ఇడ్లీపాత్రలో పిండి ఉడికినట్టు కొయ్య ఉడుకుతుంది. బయటికి తీసీ తీయగానే ఇనుపపట్టీ బిగించి, ఇద్దరు మనుషులు కలిసి ఇనుప అచ్చు చుట్టూ చకచకా వంచుతారు. ఆలస్యం చేస్తే చల్లారి మొండికేస్తుంది. అచ్చుతో సహా వేడిగదిలో పెట్టి ఆరబెడతారు. ఆరిన తరువాత అచ్చు విప్పినా వంపు అలాగే నిలుస్తుంది. కూర్చునే చోట పేము అల్లటం, నునుపు చేయటం, మెరుగు పెట్టటం వంటి పనులకు చుట్టుపక్కల ఊళ్ళ స్త్రీలు కూడా వచ్చేవారు. పని చిన్నచిన్న భాగాలుగా పంచటంవల్ల వడ్రంగం రాని పల్లెటూరివాళ్ళు కూడా కొద్దికాలంలో నేర్చుకోగలిగారు.

1859లో దుకాణంలోకి ఒక కొత్త కుర్చీ వచ్చింది. టోనెట్ సోదరులు తమ కుర్చీలకు పేర్లు పెట్టేవారు కారు. అంకెలు వేసేవారు. ఇది 14వ నంబరు కుర్చీ. మొదట్లో చెప్పానే, ఆ కుర్చీ ఇదే. కొన్నేళ్ళలో దాన్ని ఇంకా ఇంకా సులువు చేశారు. చివరికి మొత్తం కుర్చీకి కొయ్య ముక్కలు 6, మరమేకులు 10, నట్లు 2 సరిపోయాయి. వెనుకకాళ్ళూ వీపూ కలిసి ఒక ముక్క, లోపలి వంపు ఒకటి, కూర్చునే చోటికి చట్రం ఒకటి, ముందుకాళ్ళు రెండు, కాళ్ళు కదలకుండా కింద వేసే గుండ్రని కట్టు ఒకటి. లెక్క సరిపోయిందా?

జిగురు పోయింది. రేకులు పోయాయి. నగిషీ పోయింది. ఒకటొకటిగా తీసివేస్తూపోతే కుర్చీ అంతకంతకూ గట్టిదీ, తేలికదీ, చవకదీ అయింది.

ఇందులో ఇంకొక లాభం కూడా ఉన్నది. జిగురు లేదు కనుక కుర్చీని విప్పి పెట్టెలో సర్దవచ్చును. పొడవు, వెడల్పు, ఎత్తు ఒక్కొక్క మీటరు ఉన్న పెట్టెలో 36 కుర్చీల ముక్కలు పట్టేవి. ఓడమీద పంపటానికి ఖర్చు తక్కువ. చేరిన చోట మరమేకులు తిప్పటం వచ్చినవాడెవడైనా బిగించుకోవచ్చు. ఒక కాలు విరిగితే ఆ కాలు ఒక్కటే తెప్పించుకోవచ్చు. ఈ రోజుల్లో పెట్టెలో విడిభాగాలుగా వచ్చే బల్లలూ అలమరలూ మీ ఇంట్లో నాన్నగారు బిగిస్తూంటే చూసి ఉంటారు. ఆ పద్ధతిని టోనెట్ సోదరులు నూటయాభై ఏళ్ళ కిందటే లోకమంతటా నడిపించారు.

1867లో పారిస్ ప్రదర్శనలో వాళ్ళకు బంగారు పతకం వచ్చింది. లండను, పారిస్, బెర్లిన్, న్యూయార్కు నగరాలలో దుకాణాలు వెలిశాయి. వియన్నాలోనైతే, స్టెఫాన్ పెద్దచర్చి ఉన్న కూడలిలోనే వారి భవనం ఉండేది. 1900 నాటికి కర్మాగారాలలో సుమారు 6,000 మంది పనిచేసేవారు. 1930 వరకు లెక్క చూస్తే 14వ నంబరు కుర్చీ ఒక్కటే 5 కోట్లు అమ్ముడుపోయిందంటారు.

మైకేల్ టోనెట్ 1871 మార్చిలో వియన్నాలో కన్నుమూశాడు. అప్పటికి ఆయనకు 74 ఏళ్ళు. అందులో తమాషా చూడండి. ఆయన వియన్నావాడు కాదు. కుర్చీలు తయారయింది వియన్నాలో కాదు, మొరావియా అడవుల పక్కన. అయినా రష్యా మొదలైన దేశాలలో ఆ రకం కుర్చీకి "వియన్నా కుర్చీ" అనే పేరు స్థిరపడిపోయింది. అప్పులపాలై చేతులూపుకుంటూ వచ్చిన పరాయి ఊరి వడ్రంగి, ఆ నగరం పేరును ఒక కుర్చీకి తగిలించి లోకమంతా తిప్పాడు.

తండ్రి పోకముందే, 1869లో, వాళ్ళకున్న హక్కు గడువు తీరింది. ఎవరైనా వంపుకొయ్య కుర్చీలు చేయవచ్చునని తేలగానే పోటీ కంపెనీలు పుట్టగొడుగుల్లా లేచాయి. వాటిలో వియన్నాకే చెందిన కోన్ కంపెనీ పెద్దది. అయినా టోనెట్ కొడుకులు నిలదొక్కుకున్నారు. కాని మొదటి ప్రపంచయుద్ధం తరువాత ఆస్ట్రియా సామ్రాజ్యం ముక్కలైపోయింది. వాళ్ళ కర్మాగారాలు ఒక్కొక్కటి ఒక్కొక్క దేశంలోకి పోయాయి. 1920 తరువాత పోటీ కంపెనీతోనే కలిసిపోవలసి వచ్చింది.

అప్పుడు కూడా వంచే విద్యే అక్కరకు వచ్చింది. 1930 ప్రాంతంలో కొయ్యకు బదులు ఉక్కు గొట్టాలను వంచి కుర్చీలు చేయటం మొదలుపెట్టారు. వాటికి రూపం ఇచ్చినవాళ్ళలో మార్సెల్ బ్రోయర్ ముఖ్యుడు. పాత కొయ్య కుర్చీలను కూడా లోకం మరచిపోలేదు. మన చండీగఢ్ నగరానికి పథకం వేసిన ల కార్బూజియే పేరు మీరు వినే ఉంటారు. ఆయన 1925లో పారిస్‌లో ఒక కొత్త తరహా ఇల్లు కట్టి చూపించినప్పుడు, అందులో వేసిన కుర్చీలు టోనెట్ వంపుకొయ్య కుర్చీలే.

రెండో ప్రపంచయుద్ధం 1945లో ముగిసేసరికి తూర్పుదేశాలలోని కర్మాగారాలను అక్కడి ప్రభుత్వాలు తీసుకున్నాయి. కుటుంబానికి మిగిలింది జర్మనీలోని ఫ్రాంకెన్‌బర్గ్ అనే ఊళ్ళో ఉన్న ఒక్క కర్మాగారం. అదీ యుద్ధంలో నాశనమైపోయింది. మైకేల్ టోనెట్ మునిమనుమడు గియోర్గ్ టోనెట్ ఆ శిథిలాల మధ్య పని మొదలుపెట్టి, కొన్నేళ్ళలో దాన్ని తిరిగి నిలబెట్టాడు. ఉన్నదంతా పోయిన తరువాత మళ్ళీ మొదలుపెట్టటం ఆ వంశంలో రెండోసారి జరిగింది. అటు చెక్ దేశంలో ప్రభుత్వం తీసుకున్న కర్మాగారాలలో ఒకటి ఇప్పుడు వేరే పేరుతో నడుస్తున్నది. అక్కడ నేటికీ బీచ్ కడ్డీలకు ఆవిరి పట్టించి, ఇద్దరేసి మనుషులు అచ్చు చుట్టూ వంచుతూనే ఉన్నారు.

ఇంతకూ మన సామెత అబద్ధమా? కాదు. వంచేవాడు బలం ఒక్కటే చూపిస్తే మాను వంగదు, విరుగుతుంది. దాని స్వభావం తెలుసుకుని, దానికి తగిన వేడీ, తడీ, ఆసరా ఇచ్చినవాడికి వంగింది. ఇది పిల్లలకు చెప్పిన మాట కాదు. సామెత చెప్పే పెద్దలు కూడా ఒకసారి ఆలోచించుకోదగిన మాట.

ఈ నెల మీరు చేసి చూడవలసిన పని ఒకటి ఉన్నది. పుల్ల ఐసు తిన్న తరువాత పుల్ల పారెయ్యకండి. అలాంటివి నాలుగైదు దాచండి. ఒకదాన్ని పొడిగానే వంచి చూడండి, టక్కున విరుగుతుంది. మిగిలినవాటిని అమ్మనో నాన్ననో అడిగి గిన్నెడు నీళ్ళలో అరగంట మరిగించండి. పొయ్యి దగ్గర పని వాళ్ళనే చేయనివ్వండి. తీసిన తరువాత, చెయ్యి కాలనంత చల్లారగానే, నెమ్మదిగా వంచి గాజుగ్లాసు లోపల గోడకు ఆనేటట్టు పెట్టండి. ఒక రోజంతా కదిలించకండి. మరునాడు తీసి చూస్తే పుల్ల గాజుముక్కలాగా వంపు తిరిగి ఉంటుంది. ఒకటి రెండు పుల్లలు విరిగినా విచారించకండి. విరిగినదాన్ని పట్టుకుని, చిట్లటం ఏ వైపున మొదలైందో పరీక్షగా చూడండి. మైకేల్ టోనెట్ కూడా అక్కడే చూశాడు.